నేల ఖాళీ చేసే పని: 286 చదరపు అడుగుల ఇంట్లో పదకొండు వారాల డైరీ

ఫిబ్రవరి 2, 2025, ఆదివారం

ఈ రోజు ఇల్లు కొలిచాను. ఇక్కడికి వచ్చి ఏడాదిన్నర అయింది. రోజూ ఎవరివో ఒకరి కొలతలు రాసుకుంటాను గానీ మేం ఉండే ఇంటికి ఒక్కసారి కూడా టేపు పెట్టలేదు.

మాది కర్నూలు. నంద్యాల చెక్‌పోస్టు దాటాక ఒక మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు. లోను పెట్టి కొన్న సొంత ఇల్లు. నేను జాకెట్లు, చుడీదార్లు కుడతాను. మా ఆయన బట్టల షాపులో పని చేస్తారు. బాబు ఎనిమిదో తరగతి, పాప నాలుగో తరగతి. అత్త మాతోనే ఉంటుంది. మొత్తం ఐదుగురం.

పత్రంలో 300 చదరపు అడుగులని ఉంది. గోడలు వదిలేసి లోపల కొలిస్తే హాలు 10 బై 11, బెడ్‌రూమ్ 9 బై 10, వంటగది 5 బై 8, బాత్‌రూమ్ 4 బై 7, బాల్కనీ 3 బై 6. కూడితే 286. ఇది మా ఒక్కరి సంగతి కాదు. మా ఆడబిడ్డ వాళ్లది ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇల్లు. టిడ్కోలో 300, 365, 430 చదరపు అడుగులని మూడు సైజులు ఉన్నాయి. 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో పేదల ఇంటికి కార్పెట్ ఏరియా, అంటే గోడలు వదిలేసి లోపలి నేల, 30 చదరపు మీటర్ల వరకు అని పెట్టారు. బాబు 10.76తో గుణించి 323 అడుగులని చెప్పాడు. అంటే మాలాగా బతికేవాళ్లు ఊరూరా ఉన్నారు. అందుకే ఈ పని మొదటి నుంచి రాసిపెడుతున్నాను.

జాకెట్ డ్రాఫ్టింగ్‌కు వాడే ఖాకీ కాగితం మీద అడుగుకు అంగుళం చొప్పున హాలు, బెడ్‌రూమ్ గీశాను. ఇంట్లో ఉన్న ప్రతి పెద్ద వస్తువుకూ అదే లెక్కలో ఒక ముక్క కత్తిరించాను. హాల్లో దివాన్ 18 చదరపు అడుగులు, డైనింగ్ టేబుల్ 9, కుట్టు మిషను 5, ఫ్రిజ్ 4, కూలర్ 4, టీవీ స్టాండు 5. బెడ్‌రూములో మంచం 30, బీరువా నాలుగున్నర, ట్రంకు పెట్టెలు 6, మూటలు, అట్టపెట్టెలు కలిపి 8. అన్నీ కలిపితే 93న్నర. రెండు గదుల్లో ఉన్నది 200. మిగిలింది 106న్నర.

ముక్కలన్నీ కాగితం మీద పరిచాక నాకు అర్థమైంది ఇది. సామాను ఎక్కువై మేం ఇబ్బంది పడటం లేదు, మా దగ్గర ఉన్నదే తక్కువ. ఇబ్బంది ఎక్కడంటే, రోజులో రెండు మూడు గంటలు వాడే వస్తువు ఇరవై నాలుగు గంటలూ నేలను పట్టుకుని కూర్చుంటోంది. డైనింగ్ టేబుల్ మీద ఎవరూ తినరు, దాని మీద ఇస్త్రీ బట్టలు ఉంటాయి. మేం తినేది కిందే, టేబుల్‌కూ దివాన్‌కూ మధ్య సందులో. పాప ఆడుకోవాలంటే మెట్ల మీదికి పోతుంది.

ఫిబ్రవరి 4

అత్త నా కాగితం చూసి అడిగింది. "ఏం పాపా, బొమ్మల పెండ్లి చేస్తాండావా?" చెప్పాను. కాసేపు ముక్కల్ని అటూ ఇటూ జరిపి చూసి, తన పుట్టింటి సంగతి ఎత్తింది.

పత్తికొండ దగ్గర పల్లె. రెండంకణాల మిద్దె, రాయీ మట్టీ పెట్టి కట్టిన గోడలు, పైన దూలాలు, దంతెలు, ఆ పైన చౌడు మన్ను. అందులో ఏడుగురు. "నేల మీద ఏముండేది అత్తా?" అని అడిగితే చాలాసేపు ఆలోచించింది. "రోలు. నీళ్ల బాన. అంతే పాపా."

మిగతావన్నీ ఎక్కడ ఉండేవి? దీపం, దువ్వెన, మందు సీసాలు గోడలో గూళ్లలో. చొక్కా, కండువా చిలక్కొయ్యకు. చీరలు, బొంతలు దండెం మీద. పెరుగు, వెన్న ఉట్టిలో. ఏడాదికోసారి తీసే పెద్ద గిన్నెలు అటక మీద. జొన్నలు నేల కింద పాతరలో. నులక మంచం పొద్దున లేవగానే గోడకు నిలబెట్టేవాళ్లు. పిల్లలకు చాప, బొంత. తెల్లారితే చుట్టేయడమే.

అంటే గోడ, కప్పు, నేల అడుగు, మూడూ సామాను మోసేవి. నడిమధ్య నేల మనుషులది. పగలు అక్కడే శనక్కాయలు వొలిచేవాళ్లు, అక్కడే తినేవాళ్లు, రాత్రి అక్కడే పడుకునేవాళ్లు. మేం మాత్రం పెద్ద ఇళ్లలో పెట్టే వస్తువులు తెచ్చి చిన్న ఇంట్లో పెట్టాం. దివాన్, డైనింగ్ టేబుల్ కొన్న రోజు నేనెంత సంతోషపడ్డానో నాకు గుర్తుంది. ఆ సంతోషం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ వాటికి వేరే హాలు కావాలి.

కాగితం వెనక రాసుకున్నాను: పగలు నేల మీద కాళ్లున్న వస్తువు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. పని జాబితా: గోడకు మడిచే కటింగ్ బల్ల, గోడకు లేచే మంచం, బెడ్‌రూమ్ మంచం కింద పాతర, తలుపు వెనక సంచులు, వంటగదిలో ఎత్తు మీద అర. ఎండాకాలం ముదిరేలోపు అవ్వాలి.

ఫిబ్రవరి 9, ఆదివారం

గోడ దగ్గరే ఆగిపోయాం.

మా ఇంటి గోడలు ఇటుకవి కావు, మొత్తం పోతపోసిన కాంక్రీటు. ఇంట్లో ఉన్న చిన్న డ్రిల్లుతో పది నిమిషాలు తిప్పితే పావు అంగుళం కూడా దిగలేదు, బిట్టు ఎర్రగా కాలింది. పక్కింటి వాళ్లబ్బాయి ఎలక్ట్రీషియన్. వచ్చి గోడ తట్టి చూసి, "దీనికి హ్యామర్ డ్రిల్లే అక్కా, మామూలుది పనికిరాదు" అన్నాడు. రోజుకు 400 బాడుగకు తెచ్చాం. అది పెట్టాక నిమిషంలో రెండు అంగుళాలు దిగింది.

అతను చెప్పిన జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను, ఇలాంటి గోడలున్న వాళ్లందరికీ కావాలి. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా బెజ్జం వేయకూడదు, వైర్లు ఆ దారిలోనే పోతాయి. బాత్‌రూమ్ గోడకు ఇవతల పక్క కూడా పైపులు ఎక్కడున్నాయో తెలుసుకోకుండా ముట్టకూడదు. డ్రిల్లుకు కడ్డీ తగిలితే ఒత్తి పొడవకూడదు, రెండు అంగుళాలు పక్కకు జరిగి ఇంకో బెజ్జం వేయాలి. గూళ్ల కోసం గోడ చెక్కడం అసలు వద్దు. ఇలాంటి ఇంట్లో స్తంభాలు విడిగా ఉండవు, గోడే ఇంటిని మోస్తుంది.

నాకు గూళ్లు కావాలని బాగా ఆశ ఉండింది. ఆ ఆశ వదులుకున్నాను. గూడు లోపలికి రాకపోతే బయటికి వస్తుంది: ఆరు అంగుళాల లోతు చెక్క పెట్టెలు గోడకు బిగిస్తే అవే గూళ్లు. అత్త తల దగ్గర ఒకటి, బాబుకు ఒకటి, పాపకు ఒకటి. ఎవరి గూడు వాళ్లది. పాప తన గూట్లో ఈ సాయంత్రమే ఒక రబ్బరు బ్యాండ్ల డబ్బా, విరిగిన గాజులు పెట్టేసుకుంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

బల్ల అయింది. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 4 అడుగులకు 2 అడుగులు. రెండు మడత బ్రాకెట్లు గోడకు. నేల నుంచి 35 అంగుళాల ఎత్తు. ఎత్తు దగ్గర నేను రాజీపడలేదు. పదేళ్లుగా నేల మీద వంగి గుడ్డ కత్తిరించి నడుం పోయింది. నిలబడి మోచేయి మడిస్తే అరచేయి ఎక్కడ ఆనుతుందో దానికి ఒక మూడు నాలుగు అంగుళాలు కిందికి బల్ల ఉండాలి. కత్తెర పట్టుకుని గోడ దగ్గర నిలబడి చూసుకుని గీత పెట్టాను.

మడిస్తే గోడకు మూడు అంగుళాల మందం. మడిచినప్పుడు కనబడే వైపు మా ఆయన నల్ల రంగు వేశారు. ఎవరి జాకెట్ ఏ రోజు ఇవ్వాలో సుద్దతో దాని మీదే రాసుకుంటున్నాను.

ఒక పొరపాటు జరిగింది. బల్ల అంచు మొద్దుగా వదిలేశాను. మొదటి రోజే పట్టు గుడ్డకు పోగు లేచింది. గరుకు కాగితంతో అరగంట రుద్ది, అంచు చుట్టూ పాత కొలత టేపు ఒకటి అంటించాను. ఇప్పుడు బల్ల అంచే నాకు టేపు.

డైనింగ్ టేబుల్ మా ఆడబిడ్డ తీసుకెళ్లింది. తొమ్మిది అడుగులు వచ్చాయి.

ఫిబ్రవరి 19

మిగిలిపోయిన గుడ్డ ముక్కలతో తలుపు వెనకకు సంచుల తెర కుట్టాను. పన్నెండు అరలు. దారం రీళ్లు, హుక్కులు, ఫాల్స్, లైనింగు, ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో సంచి. లోపల కాన్వాస్ గుడ్డ పెట్టకపోతే బరువుకు సాగిపోతుంది.

బొంతలకు, దుప్పట్లకు పొడుగు గలేబులు కుట్టాను. పొద్దున చుట్టి అందులోకి దూర్చి మూతి లాగితే అది ఆనుకునే దిండు. మూటలకు పోయే నేల కొంత ఇక్కడే మిగిలింది. చేసిన పనుల్లో అన్నిటికంటే తక్కువ ఖర్చు, ఎక్కువ లాభం ఇదే.

ఫిబ్రవరి 26, శివరాత్రి

మంచం గురించి వివరంగా రాయాలి.

అనుకున్నది ఇది. దివాన్ తీసేసి, అదే గోడకు 6 బై 3 ఇనుప చట్రం, దానికి నవారు. పొడుగు వైపు గోడకు బందులు వేస్తే పుస్తకం మూసినట్టు పైకి లేస్తుంది. పాశ్చాత్య దేశాల మడత మంచాలు ఎక్కువగా తల వైపు నుంచి నిలువుగా లేస్తాయి, వాటికి ఏడడుగుల గోడ కావాలి. పొడుగు వైపు నుంచి లేపితే మూడడుగులు చాలు, పైన గూళ్లకు చోటు మిగులుతుంది.

బళ్లారి చౌరస్తా దగ్గర వెల్డింగ్ చేసే తమ్ముడికి బొమ్మ గీసి ఇచ్చాను. నవారు మేమే అల్లాం. అల్లడం అత్త చేతి పని. ముందు పొడుగు వరసలు బిగించి, తర్వాత అడ్డం ఒకటి పైన, ఒకటి కింద. ఎంత లాగాలో నాకు తెలియలేదు. ఆమె బొటనవేలితో పట్టీ మీటి, వచ్చే చప్పుడును బట్టి "ఇది వదులు, ఇది సరి" అని చెప్పింది. బాబు, నేను చెరో వైపు లాగాం. మూడు గంటలు పట్టింది. శివరాత్రి జాగారం కదా అని రాత్రి కూడా కూర్చుని పూర్తి చేశాం.

గోడకు ఆరు ప్లాస్టిక్ ప్లగ్గులు, స్క్రూలు వేసి బందులు బిగించాం. బయటి వైపు రెండు మడత కాళ్లు.

మార్చి 1

మంచం ఊడింది.

దెబ్బలు పెద్దగా తగల్లేదు. మా ఆయన భోజనం చేసి దాని మీద కూర్చున్నారు, పాప ఎగిరి పక్కన కూర్చుంది. గోడ వైపు టప్ అని చప్పుడు వచ్చి రెండు ప్లగ్గులు బయటికి వచ్చాయి. మంచం గోడ వైపుకు వంగి ఆగింది. మా ఆయన మోచేయి గీసుకుపోయింది. అత్త దాని మీద పడుకుని ఉన్నప్పుడు ఊడి ఉంటే అన్న ఆలోచనతో రాత్రంతా నాకు నిద్ర లేదు. టెన్షన్‌తో రెండుసార్లు లేచి దివాన్ మీద ఉన్న ఆమెను చూసి వచ్చాను. దివాన్ ఇంకా ఇవ్వకపోవడం మంచిదైంది.

పొద్దున వెల్డింగ్ తమ్ముడు వచ్చి చూశాడు. ప్లగ్గులది కాదు, నా బొమ్మదే తప్పు. మనుషుల బరువులో సగం గోడకు ఇచ్చాను. "అక్కా, గోడ పట్టుకోవాలి, మోయకూడదు. మోసేది నేలే" అన్నాడు. ఆ మాట జాకెట్‌కు కూడా సరిపోతుంది, బరువంతా భుజం కుట్టు మీద వేస్తే ఏ కుట్టూ నిలవదు. ఇంత తెలిసిన దాన్ని మంచం దగ్గర ఎలా మరిచిపోయానో.

మార్చి 5

కొత్త పద్ధతి. గోడ పొడవునా ఆరు అడుగుల ఇనుప పీఠం, 17 అంగుళాల ఎత్తు, నాలుగు కాళ్ల మీద నేల మీదే నిలబడుతుంది. మంచం బందులు ఆ పీఠానికి. పీఠం ముందుకు పడకుండా మాత్రమే గోడకు బిగింపు, అదీ 10 మిల్లీమీటర్ల ఇనుప యాంకర్ బోల్టులతో. ఇప్పుడు మంచం వేసి ఉన్నప్పుడు బరువు మొత్తం కాళ్ల మీదుగా నేలకు పోతుంది.

లేపి ఉంచినప్పుడు పడకుండా ముందు ఒక్క గడియ పెట్టాం. పాప దాన్ని ఆడుకుంటూ తీయడం చూశాను. అందుకని పైన రెండు కొసలకూ రెండు గడియలు, మధ్యలో ఒక గొలుసు. మూడూ తీస్తేనే దిగుతుంది. గొలుసు పాప చేతికి అందని ఎత్తులో ఉంది.

మా ఆయన, పక్కింటి అన్న, వెల్డింగ్ తమ్ముడు ముగ్గురూ ఒకేసారి కూర్చుని పావుగంట కబుర్లు చెప్పారు. కదల్లేదు. ఆ తర్వాతే అత్తను కూర్చోనిచ్చాను.

లేపితే గోడకు ఏడు అంగుళాలు. మొత్తం ఖర్చు ఇనుము, వెల్డింగ్, నవారు కలిపి 6,200. దివాన్ అమ్మితే 3,500 వచ్చింది.

మార్చి 9, ఆదివారం

వంటగది అరకు నాకు కడప బండే కావాలి అనుకున్నాను. మన వైపు పుట్టిన వాళ్లకు బండంటే ఒక నమ్మకం. వంట గట్టు కడప నల్ల బండ, అమ్మ వాళ్ల ఇంటి నేల బేతంచెర్ల బండ, అత్త వాళ్ల అరుగు తాడిపత్రి బండ. నూనె పడినా తుడిస్తే పోతుంది, చెద పట్టదు, తరాలు ఉంటుంది.

బాబును లెక్క కట్టమన్నాను. 8 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. సున్నపురాయి నీటికంటే ఇంచుమించు 2.7 రెట్లు బరువు. వాడు మీటర్లలోకి మార్చి గుణించి, "51 కిలోలు అమ్మా" అన్నాడు. ఖాళీ బండే 51 కిలోలు, దాని మీద గిన్నెలు, డబ్బాలు వేరే. ఇటుక గోడైతే మేస్త్రీ గాడి కొట్టి బండను లోపలికి దూర్చి నిలబెడతాడు. మా గోడకు గాడి కొట్టకూడదు. తల మీద 51 కిలోలు బ్రాకెట్ల మీద వేలాడుతుంటే కింద నిలబడి నేను వంట చేయలేను.

కాబట్టి బండ వద్దు. బెజ్జాల ఇనుప యాంగిళ్లతో నేల నుంచి కప్పు దాకా సన్నటి ర్యాకు పెట్టాం, అడుగు వెడల్పు. ఇది కూడా నేలే మోస్తుంది. అన్నిటికంటే పై అర అటక. అందులో పండగ గిన్నెలు, ఇంటి పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు ఒక స్టీలు పెట్టెలో.

పత్రాలు పైనే పెట్టడం మా అమ్మ నేర్పిన అలవాటు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు మేం పాతబస్తీలో ఉండేవాళ్లం. బీరువాలో ఉన్నవి బురదైపోయాయి. అటక మీద పెట్టెలో ఉన్న నా పదో తరగతి సర్టిఫికెట్ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు మేం పై అంతస్తులో ఉన్నాం. అయినా చేయి ఆ పెట్టెను పైకే పెడుతుంది.

మార్చి 11

పాతర. బెడ్‌రూమ్ మంచం కాళ్ల కింద టేకు దిమ్మలు పెట్టి ఏడు అంగుళాలు లేపాం, కింద 16 అంగుళాల ఖాళీ వచ్చింది. దిమ్మల్లో గుంట తవ్వి కాళ్లు దాంట్లో కూర్చునేలా చేశాం, లేకపోతే జారతాయి. ట్రంకు పెట్టెలకు చక్రాలు. మిగిలిన అట్టపెట్టెలు కూడా కిందికే. పద్నాలుగు అడుగులు వచ్చాయి.

మార్చి 18

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. నా లెక్కంతా తారుమారైంది.

ఫిబ్రవరిలో కట్టుకున్న లెక్క ఇది: పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా హాలు నాది. బల్ల దించి కత్తిరింపు, మిషను మీద కుట్టు. సాయంత్రం మిషను తల లోపలికి మడిస్తే అది బాబు చదువుకునే బల్ల. రాత్రి అది మంచాల హాలు. ఒకే నేల, మూడు వంతులు. ఇప్పుడు పిల్లలు పన్నెండున్నరకు బడి వదలగానే ఇంటికి వస్తున్నారు. బయట ఎండ. ఐదుగురిలో నలుగురం పన్నెండున్నర నుంచి ఇదే హాల్లో.

దానికి తోడు ఈసారి ఉగాది 30న, రంజాన్ 31న. రెండు పండగల బట్టలూ ఒకే వారంలో ఇవ్వాలి. రాత్రి పదకొండు దాకా మిషను ఆగదు. బాబుకు ఏప్రిల్‌లో పరీక్షలు. నిన్న వాడు చెవులకు గుడ్డ కట్టుకుని చదువుతుంటే చూసి మిషను ఆపేశాను. వాడే, "కుట్టుకో అమ్మా, లెక్కలు చేస్తా, చదివేది పొద్దున చదువుతా" అన్నాడు.

ఇంకో విషయం నేను సరిగా ఆలోచించలేదు. అత్త మధ్యాహ్నం నడుం వాల్చాలి. మంచం గోడకు లేపి ఉంటే ఆమె అడగదు, బెడ్‌రూములో కింద చాప మీద పడుకుని, లేవలేక గోడ పట్టుకుంటుంది. మంచం లేపడమంటే పది కిలోల బరువు ఎత్తినట్టే, అది ఆమె భుజానికి చేతకాదు. నేల ఖాళీగా ఉండాలన్న నా నియమం ఇంట్లో పెద్దామె నిద్ర కంటే పెద్దది కాదు. ఈ రోజు నుంచి పన్నెండున్నర నుంచి మూడు దాకా మంచం వేసే ఉంటుంది. ఆ వేళ నేను బెడ్‌రూములో కూర్చుని హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ చేస్తాను, చేతి పని. పాప నాతో. బాబు హాల్లో మిషను బల్ల దగ్గర. మూడు తర్వాత మిషను.

నియమం మారింది గానీ పని బాగా సాగుతోంది. చేతి పనులన్నీ ఒకే వేళకు పెట్టుకోవడం వల్ల చేయి తిరిగి, రోజుకు ఒక జాకెట్ ఎక్కువే అవుతోంది.

మార్చి 29

ఈ పదిరోజుల్లో ఇంటి పని ఏమీ చేయలేదు. 46 జాకెట్లు, 11 చుడీదార్లు. బల్ల లేకపోతే ఇవి అయ్యేవి కావు. నడుం నొప్పి లేకుండా పండగ రావడం నాకు ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 6, ఆదివారం

ఎండ ముదిరింది. పై అంతస్తు కాంక్రీటు ఇల్లు పగలు తాగిన వేడిని రాత్రి వదులుతుంది. రాత్రి తొమ్మిదికి కప్పు మీద చేయి పెడితే ఇంకా వెచ్చగానే ఉంది. హాల్లో థర్మామీటరు 36.

అపార్ట్‌మెంట్ వాళ్లతో మాట్లాడి మా ఇంటి పైన పడే మిద్దె మేరకు సున్నం కొట్టుకుంటామని ఒప్పించాం. రాతి సున్నం డ్రమ్ములో వేసి నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. పిల్లలను దూరంగా పంపాం, మా ఆయన కళ్లద్దాలు, గ్లోవ్స్ వేసుకున్నారు. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. రాత్రంతా నానబెట్టి, వడకట్టి, ఫెవికాల్ కలిపి, ముందు మిద్దె కడిగి ఆరనిచ్చి, సాయంత్రం చల్లబడ్డాక రెండు పూతలు. వానలకు కొంత కొట్టుకుపోతుంది, ఏటా వేయాల్సిందే. మిద్దె మీద వేసే కూల్ రూఫ్ పెయింటు ఎక్కువ రోజులు ఉంటుంది గానీ ఈ ఏడు మా చేతిలో అంత లేదు.

కూలర్‌ను కూడా కిటికీ బయటికి, ఇనుప స్టాండు మీదికి మార్చాం. బయటి పొడిగాలి పీల్చుకుంటేనే కూలర్ చల్లగా పని చేస్తుంది. హాల్లో పెట్టి తలుపులు మూస్తే చెమ్మ తిరిగి ఉక్కపోత వస్తుంది. నేల మీద నాలుగు అడుగులు కూడా మిగిలాయి.

ఏప్రిల్ 10

రాత్రి తొమ్మిదికి హాల్లో 34. బయట ఎండ ఏమీ తగ్గలేదు. రెండు డిగ్రీలే, కానీ పాప పదిగంటలకే నిద్రపోతోంది. పోయినేడు ఈ నెలలో అర్ధరాత్రి దాకా దొర్లేది.

ఇంకొకటి కూడా గమనించాను. నేల ఖాళీగా ఉండటం వల్ల ఇప్పుడు పడుకునే చోటు ఎంచుకోగలుగుతున్నాం. బాల్కనీ తలుపుకూ వంటగది కిటికీకీ మధ్య గాలి వచ్చే దారి ఒకటి ఉంది. ఇన్నాళ్లూ ఆ దారిలో దివాన్ ఉండేది. ఇప్పుడు చాపలు అక్కడ పడుతున్నాయి.

ఏప్రిల్ 20, ఆదివారం

మళ్లీ కొలిచాను. డైనింగ్ టేబుల్ 9, దివాన్ 18, పెట్టెలూ మూటలూ 14, కూలర్ 4, మొత్తం 45 అడుగులు వచ్చాయి. మడిచిన మంచం, బల్ల తీసుకున్నది నాలుగున్నర. మంచం లేపి ఉన్నప్పుడు ఖాళీ నేల 106న్నర నుంచి 147 అయింది. మొత్తం ఖర్చు 13,800, దివాన్ డబ్బు పోను 10,300.

కానివి ఉన్నాయి. పాప పెద్దదవుతోంది, బట్టలు మార్చుకోవడానికి బాత్‌రూమ్ తప్ప తలుపున్న చోటు లేదు. బెడ్‌రూములో బీరువా పక్కన పట్టాల మీద జరిగే తెర వేద్దామని గుడ్డ తీసిపెట్టాను. వానాకాలంలో ఐదుగురి బట్టలు మూడడుగుల బాల్కనీలో ఆరవు. కప్పుకు కప్పీలతో పైకి లాగే దండెం కట్టాలి, తాడు తెచ్చాం, కొక్కేలు తేవాలి. ఆడబిడ్డ వాళ్ల ఇంటికి కూడా మంచం చేయించమని అడిగింది. వాళ్ల గోడ ఏదో తట్టి చూడటానికి ఎల్లుండి వెళ్తున్నాను.

ఇది రాస్తుండగా పాప నా సుద్ద తీసుకెళ్లి హాలు మధ్యలో బారాకట్ట గీసింది. అత్త మంచం దిగి కింద కూర్చుని చింతగింజలు అరగదీస్తోంది. మూడైంది, మంచం లేపాలి. ఈ ఆట అయ్యాక లేపుతాను.